అదే కన్ను, మూడు అంకెలు



శుక్లం ఆపరేషన్ అయ్యాక ఆ కన్ను ఎంత బాగా చూస్తోందో చెప్పాల్సింది ఎవరు? చూసే మనిషా, కొలిచే యంత్రమా? మొదటి మాట మనిషిదే అని నా నమ్మకం. కానీ కంటి ఆస్పత్రుల్లో యంత్రం మాటకు రోజురోజుకూ విలువ పెరుగుతోంది. పెరగడం మంచిదే. అయితే యంత్రం చూపించిన అంకెను అందరూ కాగితం మీద రాసుకుంటారు గానీ, అదే కన్నును అయిదు నిమిషాల తర్వాత మళ్లీ పెడితే అదే అంకె వస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. ఈ పూట నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే. ఆష్టి వైపు, సిరొంచ వైపు ఉండే మనకు ఈ ప్రశ్న హైదరాబాద్‌లో ఉండేవాళ్ల కంటే ఎక్కువ అవసరం.

ఆష్టి గడ్చిరోలి జిల్లా చామోర్షి తాలూకాలో ఉంది. పక్కనే వైనగంగ. ఇక్కడికి దగ్గర్లోనే, చప్రాళ అడవి వైపు, వార్ధా వచ్చి వైనగంగలో కలుస్తుంది. అక్కడి నుంచి దాని పేరు ప్రాణహిత. ఆ ప్రాణహిత దక్షిణంగా పోయి సిరొంచ దగ్గర, కాళేశ్వరానికి ఎదురుగా, గోదావరిలో పడుతుంది. ఈ నది పొడుగునా తెలుగు, మరాఠీ, గోండి, మాడియా మాట్లాడే ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి ఊళ్లో ఒక అవ్వకు చూపు మసకబారిందంటే ఇంట్లోవాళ్లు ముందుగా చూసుకునేది దారి. ఇటు గడ్చిరోలి, చంద్రపూర్. కాదంటే సేవాగ్రామ్, నాగ్‌పూర్. సిరొంచ వాళ్లయితే వంతెన దాటి మంచిర్యాల, కరీంనగర్, వరంగల్. ఏ దారిన పోయినా అవ్వతో పాటు ఇంకొకరి కూలి పోతుంది. తునికాకు రోజుల్లోనో, నాట్ల రోజుల్లోనో అయితే ఆ నష్టం ఇంకా ఎక్కువ.

అందుకే ఇక్కడి మనిషికి కొలత మామూలుగా ఒక్కసారే దొరుకుతుంది. పట్నంలో ఉన్నామె అంకె బాగాలేదంటే రేపు ఆటో ఎక్కి మళ్లీ పోతుంది. మన అవ్వకు ఆ ‘రేపు’ ఆరు నెలలకో ఏడాదికో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఆ ఒక్కసారి వచ్చిన అంకెను బట్టే అద్దాలు తయారవుతాయి. ఆ అంకెను బట్టే ‘లేజర్ చేయించాలి, పోయి రా’ అని ఇంకో ఊరికి చీటీ రాస్తారు. అంకె ఊగితే ఆ ఊగుడుకు మూల్యం చెల్లించేది ఆమే.

మన దేశంలో 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో, యాభై ఏళ్లు దాటినవాళ్ల గుడ్డితనానికి 66.2 శాతం కారణం శుక్లమే అని తేలింది. అంటే మూడింట రెండు వంతులు. మందులతో కరిగేది కాదు కాబట్టి ఆపరేషన్ ఒక్కటే దారి. మసకబారిన సహజ కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ కటకం పెడతారు. మనవాళ్లు ‘లెన్స్ వేయించుకున్న’ అనేది దీన్నే. ఈ పని మొదట చేసినవాడు లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రి డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబర్ 29న. యుద్ధ విమానాల కిటికీలకు వాడే ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆపరేషన్ ఫలించింది, కటకం కంట్లో నిలిచింది. కానీ లెక్క తప్పింది. ఆ మొదటి రోగి కంటికి చివరికి మైనస్ 18 దాకా అద్దం కావలసి వచ్చింది, పైగా సిలిండర్ నంబర్ కూడా. చేయి ఎంత నేర్పుగా పనిచేసినా కొలత తప్పితే చూపు తప్పుతుందని ఈ వైద్యం మొదటి రోజునే తెలిసిపోయింది.

ఆపరేషన్‌కు ముందు కొలత సంగతి కొంచెం చెప్పాలి. కంటి పొడవును మిల్లీమీటర్లలో కొలిచి, కంటి ముందరి పారదర్శక పొర కార్నియా వంపును కొలిచి, లెన్స్ పవర్ లెక్క కడతారు. 1980లో శాండర్స్, రెట్‌జ్లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు డాక్టర్లు ఇచ్చిన సూత్రం ప్రకారం, కంటి పొడవులో ఒక మిల్లీమీటర్ తప్పు పడితే లెన్స్ పవర్‌లో రెండున్నర నంబర్ తేడా వస్తుంది. శబ్ద తరంగాలతో కొలిచే చిన్న పుల్లలాంటి పరికరాన్ని కంటి మీద ఆనించేటప్పుడు చేయి కాస్త గట్టిగా నొక్కితే చాలు, కార్నియా లోపలికి అణిగి కన్ను పొట్టిగా కనబడుతుంది. దాంతో లెక్క ఎక్కువ పవర్ లెన్స్‌ను చూపిస్తుంది. ఆపరేషన్ తర్వాత ఆ మనిషికి దగ్గరివి బాగా కనబడి, దూరంగా వచ్చే బస్సు మసకగా కనబడుతుంది. అందుకే మంచి చోట ఈ కొలతను ఎప్పుడూ ఒక్కసారితో వదలరు. చాలాసార్లు తీసి, పొంతన లేనివి పక్కన పెట్టి, మిగతావాటి సగటు తీసుకుంటారు. ఆపరేషన్‌కు ముందు పాటించే ఈ జాగ్రత్త తర్వాత కూడా పాటించాలి కదా. అక్కడే మనం వెనకబడుతున్నాం.

ఆపరేషన్ తర్వాత చూపును కొలిచే పాత పద్ధతి గోడ మీది చార్టు. డచ్ డాక్టర్ హెర్మన్ స్నెలెన్ 1862లో తయారు చేసినది. చదువు రానివాళ్లకు నాలుగు దిక్కులకూ తిప్పిన ‘ఇ’ ఆకారం చూపించి, కొమ్ములు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమంటారు. ఈ పరీక్షంటే నాకు గౌరవం. ఖర్చు లేనిది, కరెంటు అక్కర్లేనిది, మనిషి నోటితో జవాబు చెప్పేది. అయినా దీనితో తేలనివి ఉన్నాయి. చార్టులో కింది వరుసలు చదివేసిన మనిషే, రాత్రి ఎదురుగా బండి లైటు పడితే ఏమీ కనబడదంటుంది. మబ్బు పట్టిన రోజు బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నానంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. చార్టులో అక్షరాలు తెలుపు మీద నల్లగా దిట్టంగా ఉంటాయి. బతుకులో వస్తువులు అంత దిట్టంగా ఉండవు. కాంతి కంట్లోకి వెళ్లాక చెదిరిపోతే, నలుపు తెలుపుల మధ్య తేడా పలచబడుతుంది.

ఆ చెదురుడును, ఆ పలచబడడాన్ని అంకెల్లో పట్టడానికే కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటిది హార్ట్‌మన్–షాక్ పద్ధతి. కంటి లోపల వెనక ఉండే తెర, అంటే రెటీనా మీద చిన్న కాంతి చుక్క వేసి, తిరిగి బయటికి వచ్చే కాంతిని వరుసగా పేర్చిన బుల్లి కటకాల గుండా పంపుతారు. ఒక్కో కటకం ఒక్కో చుక్క వేస్తుంది. కన్ను నిర్దోషంగా ఉంటే చుక్కలన్నీ గళ్లలో సరిగ్గా కూర్చుంటాయి, లోపం ఉంటే పక్కకు జరుగుతాయి. జర్మన్ శాస్త్రవేత్త హార్ట్‌మన్ 1900 ప్రాంతంలో పెద్ద దూరదర్శినుల కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. 1971లో అమెరికాలో షాక్, ప్లాట్ దానికి బుల్లి కటకాలు చేర్చారు. 1994లో లియాంగ్, బిలె బృందం మనిషి కంటికి వాడి చూపించింది. రెండోది డబుల్ పాస్ పద్ధతి. చుక్కంత కాంతి కంట్లోకి పోయి, రెటీనా మీద పడి, వెనక్కి వచ్చేటప్పుడు ఆ చుక్క ఎంత చెదిరిందో ఫొటో తీస్తారు. స్పెయిన్‌లో పాబ్లో అర్తాల్, హౌమే పుజోల్ వంటివాళ్లు దీన్ని ఆస్పత్రి దాకా తెచ్చారు. చుక్క నడిమధ్య ఎంత కాంతి ఉంది, చుట్టూ వలయంలోకి ఎంత చెదిరింది అని పోల్చి యంత్రం ఒక సూచిక ఇస్తుంది. మామూలు కన్నులో అది 1 కంటే తక్కువ ఉంటుంది. శుక్లం ముదిరేకొద్దీ 3, 4, ఆ పైకి పోతుంది.

ఆపరేషన్ అయి, లెన్స్ ఉన్న కన్నును ఈ రెండో రకం యంత్రం ముందు పెడితే ఏమవుతుందో చూడండి.

ఒక అవ్వను కూర్చోబెట్టాను. గడ్డం ఆనించమన్నాను, నొసలు పట్టీకి తగిలించమన్నాను. “లోపల బొమ్మ కనబడుతుందా అవ్వా? దాన్నే చూడు.” “కనబడుతుంది బిడ్డా.” మొదటి రీడింగ్ వచ్చింది, బాగానే ఉంది. రెండోసారి తీశాను. అంకె అమాంతం పెరిగింది. మూడోసారి ఇంకా పెరిగింది. ఈ లెక్కన అయిదు నిమిషాల్లో ఆమె కంట్లో మళ్లీ పొర కమ్మినట్టే. తల పక్కకు వంచి చూశాను. ఆమె గుడ్లు మిటకరించి, రెప్ప వేయకుండా బిగబట్టి కూర్చుంది. “రెప్ప కొట్టు అవ్వా, ఏం కాదు” అన్నాను. “రెప్ప కొడితే ఫొటో చెడుతదని మొన్న చెప్పిన్రు కదా బిడ్డా” అంది. రెండు మూడుసార్లు రెప్పలు ఆర్పించి, ఒక్క క్షణం ఆగి మళ్లీ తీశాను. అంకె మొదటి చోటికి వచ్చింది.

కంట్లో లెన్స్ మారలేదు, రెటీనా మారలేదు. మారింది కార్నియా మీద ఉండే కన్నీటి పొర. కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే పొర అది. కానీ గాలిలోంచి వచ్చే కాంతి కంట్లో మొట్టమొదట వంగేది అక్కడే, ఎక్కువగా వంగేదీ అక్కడే. రెప్ప వేయకుండా కొన్ని సెకన్లు ఉంటే అది అక్కడక్కడ ఆరి చీలుతుంది. కాంతి చెదురుతుంది, యంత్రం ఆ చెదురుడును నమ్మకంగా రాసేస్తుంది. ఆపరేషన్ అయిన కన్నులో ఇది ఇంకా ఎక్కువ. కోత వల్ల కార్నియా నరాలు కొన్ని తెగుతాయి, చుక్కల మందులు వారాల తరబడి పడతాయి, అసలే వయసు మీద పడిన కన్ను. మొదటి నెలలో కన్ను గరగరలాడుతుందని చాలామంది చెప్పేది అందుకే. మామూలుగా మూడు నెలల్లో కుదుటపడుతుంది.

ఇక కంటిపాప. శిబిరం స్కూలు వరండాలో జరిగితే వెలుతురుకు పాప ముడుచుకుని చిన్నదవుతుంది. చీకటి గదిలో పెద్దదవుతుంది. మందు వేస్తే ఇంకా పెద్దదవుతుంది. పాప వెడల్పు రెట్టింపైతే గోళాకార దోషం, అంటే అంచుల గుండా వచ్చే కాంతి నడుమ వచ్చే కాంతితో ఒకేచోట కలవకపోవడం, పదహారు రెట్లు పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల పాపతో తీసిన రీడింగ్‌ను 6 మిల్లీమీటర్ల పాపతో తీసిన రీడింగ్ పక్కన పెట్టి ‘దోషం పెరిగింది’ అనడం ఆ కన్నుకు చేసే అన్యాయం. అందుకే చాలా యంత్రాలు 4 మిల్లీమీటర్ల వంటి ఒకే వెడల్పుకు లెక్క కడతాయి. కానీ వయసు మళ్లినవాళ్ల పాప ఒక్కోసారి అంత కూడా తెరుచుకోదు. తల వణికేవాళ్లు, చూపు ఒకచోట నిలపలేనివాళ్లు ఉంటారు. ఆపరేషన్ అయిన కన్నుకు ఒక్క మేలు ఉంది. కృత్రిమ లెన్స్ దగ్గరికీ దూరానికీ తనను తాను మార్చుకోదు కాబట్టి, పడుచు కన్నులో కొలతను ఊపే ఆ కారణం ఇక్కడ ఉండదు.

పట్నంలో డబ్బు పెట్టి వేయించుకునే మల్టీఫోకల్ లెన్సులది ఇంకో తలనొప్పి. దగ్గరా దూరమూ రెండూ కనబడాలని వాటిలో సన్నని వలయాలు చెక్కుతారు. ఆ వలయాలు కంటికి కనబడే ఆకుపచ్చ కాంతికి తగ్గట్టు లెక్క కట్టినవి, అంటే దాదాపు 550 నానోమీటర్లు. యంత్రాలేమో రోగి కళ్లు మిరుమిట్లు గొలపకుండా, పాప ముడుచుకోకుండా ఉండాలని, కంటికి సరిగ్గా కనబడని పరారుణ కాంతి వాడతాయి, 780 నుంచి 850 నానోమీటర్ల మధ్య. ఆ కాంతికి లెన్సు వేరే తీరుగా పనిచేస్తుంది. పదిసార్లు తీస్తే పదిసార్లూ ఒకే అంకె రావచ్చు, అయినా ఆ అంకె ఆ మనిషి నిజంగా చూసే చూపు కాకపోవచ్చు.

ఈ తేడా రైతుకు నేను చెప్పాల్సిన పనిలేదు. వడ్ల బస్తాను కాంటా మీద మూడుసార్లు పెడితే మూడు తూకాలు వస్తే ఆ కాంటా నమ్మదగింది కాదు. మూడుసార్లూ ఒకటే తూకం వచ్చి, ప్రతిసారీ రెండు కిలోలు తక్కువ చూపిస్తే అదీ నమ్మదగింది కాదు. మొదటి కాంటా నిలకడ లేనిది, రెండోది నిలకడగా మోసం చేసేది. కంటి యంత్రాన్ని రెండు రకాలుగానూ పరీక్షించాలి. మామూలు లెన్సు వేసుకున్న కన్నులో మొదటి దోషం మీద కన్నేయాలి, మల్టీఫోకల్ కన్నులో రెండోదాని మీద.

నిలకడను లెక్క కట్టే దారి ఉంది. 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్తలు ‘లాన్సెట్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. రెండు కొలతలు కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయంటే అవి ఒకదానితో ఒకటి సరిపోయినట్టు కాదని, వాటి మధ్య తేడాలనే సూటిగా చూడాలని చెప్పారు. వైద్యంలో కొలతల గురించి అంతకంటే ఉపయోగపడే మాట తక్కువమందే చెప్పారని నేనంటాను. ఆ దారిలో ఇలా చేస్తారు. చాలా కళ్లను, ఒక్కో కన్నును వెంటవెంటనే చాలాసార్లు కొలుస్తారు. ఒకే కన్ను రీడింగులు సగటున ఎంత చెదురుతున్నాయో చూస్తారు. దాన్ని 2.77తో గుణిస్తారు. వచ్చిన అంకె ఆ యంత్రం హద్దు. ఒకే కన్నుకు తీసిన రెండు రీడింగుల మధ్య తేడా వందకు తొంభై అయిదుసార్లు ఆ హద్దు లోపలే ఉంటుంది, కంట్లో ఏ మార్పూ లేకపోయినా.

ఒక లెక్క అనుకుందాం. రీడింగుల చెదురుడు 0.3 అయితే హద్దు 0.83. అవ్వ సూచిక పోయినసారి 1.5, ఈసారి 2.1. తేడా 0.6. హద్దు లోపలే ఉంది. ఈ తేడాను చూసి ‘లెన్సు వెనక పొర వచ్చింది, లేజర్ పెట్టించాలి’ అనడానికి ఆధారం లేదు. లెన్సు కూర్చున్న సంచి వెనక గోడ మసకబారడం నిజంగా జరిగేదే, చాలామందిలో జరుగుతుంది, యాగ్ లేజర్‌తో నిమిషాల్లో దారి తెరుస్తారు. మేలు చేసే చికిత్స అది. కానీ తెరిచిన సంచిని మళ్లీ మూయలేరు. కంటి ఒత్తిడి పెరగడం, అరుదుగా రెటీనా ఊడడం లాంటి ముప్పులూ ఉన్నాయి. నిజానికి పొర ఉందో లేదో డాక్టర్ స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినిలో కళ్లారా చూడవచ్చు. అంకె ఒక్కటే పెరిగి, ల్యాంప్‌లో సంచి తేటగా ఉండి, అవ్వ కూడా ‘బాగానే కనబడుతుంది’ అంటే, ఆ రోజు ఆమెను నాగ్‌పూర్ బస్సు ఎక్కించకూడదు. కన్నీటి చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ తీయాలి.

యంత్రాలు ఇప్పుడు పల్లె దాకా వస్తున్నాయి. చేత్తో పట్టుకుని నంబర్ చూసే చిన్న పరికరాలు వచ్చాయి. అలాంటి ఒకదాన్ని తమిళనాడులో అరవింద్ కంటి ఆస్పత్రితో కలిసి 708 మందిలో పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. యంత్రం ఇచ్చిన నంబర్‌తో చేసిన అద్దాలు, మనిషి అడిగి అడిగి తేల్చిన నంబర్‌తో చేసిన అద్దాలు, రెండూ ఒకే మనిషికి పెట్టి చూపించారు. మనిషి తేల్చిన నంబర్‌నే కోరుకున్నవాళ్లు కొంత ఎక్కువ, అయినా యంత్రం మరీ వెనకబడలేదు. ఇది నాకు సంతోషం కలిగించే కబురు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 1996లో ఆదిలాబాద్ వైపు ముధోల్‌లో గ్రామీణ కేంద్రం తెరిచింది. పల్లెలోనే మంచి ఆపరేషన్ జరుగుతుందని అలాంటి కేంద్రాలు చూపించాయి. ఆ వెనకే కొలత కూడా పల్లెలోనే మంచిగా జరగాలి.

మన వైపు శిబిరాల్లో పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఇది. వరుస పొడుగ్గా ఉంటుంది, చీకటి పడకముందే బస్సు అందాలని అందరికీ తొందర. తెలుసు. అయినా ఒక్కో కన్నుకు మూడు రీడింగులు తీయండి, ప్రతిదానికీ ముందు రెప్పలు ఆర్పించండి. సగటు ఒక్కటే కాకుండా మూడు అంకెలూ కార్డు మీద రాయండి. పాప వెడల్పు ఎంత, మందు వేశారా లేదా, ఏ యంత్రం, ఆపరేషన్ అయి ఎన్ని వారాలు, ఇవి పక్కన రాయండి. మూడు అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే తర్వాత చూసే డాక్టర్ ధైర్యంగా నమ్ముతారు. చెల్లాచెదురుగా ఉంటే ఆ కన్ను కుదుటపడలేదని ఆయనకు తెలుస్తుంది. వేరే ఊళ్లో, వేరే యంత్రం మీద తీసిన అంకెతో పోల్చి ఏదీ తేల్చకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆపరేషన్ అయిన వారానికే అద్దాల కోసం తొందరపడకండి. కోత మానే కొద్దీ నంబర్ మారుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, డాక్టర్ చెప్పినప్పుడు చూపించండి. కార్డు పారేయకండి, ఇంకో ఊరికి పోయినా వెంట తీసుకుపోండి. అవ్వ ఏ పని చేయలేకపోతోందో గమనించి డాక్టర్‌కు చెప్పండి. సూదిలో దారమా, రాత్రి నడకా, ఎదురుగా ఎండా. అంకెలు అటూ ఇటూ అయినప్పుడు తేల్చేది ఆ మాటే.

కొలతలన్నీ నిదానంగా, మళ్లీ మళ్లీ చేయాల్సినవని ఇంతసేపూ చెప్పాను. ఒక్కచోట నిదానం పనికిరాదు. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా, చీము లాంటిది కారుతున్నా, చూపు ఒక్కసారిగా తగ్గినా, కళ్ల ముందు మెరుపులు మెరిసినా, నల్లటి తెర దిగినట్టు అనిపించినా శిబిరం కోసం, రీడింగ్ కోసం ఆగవద్దు. అదే రోజు, దొరికిన బండిలో, కంటి డాక్టర్ ఉన్న ఆస్పత్రికి తీసుకుపోండి.